రైతులూ బండల ఫ్యాక్టరీ వాళ్లూ కలిసి రోడ్డు అడగాలంటే ఎట్లా మొదలుపెట్టాలి? (తాడిపత్రి వైపు)

తాడిపత్రి_చీనీతోట:

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి దగ్గర ఒక పల్లె, కొలిమిగుండ్ల వైపు. మా ఊరి నుంచి హైవే దాకా దారి ఒక్కటే, ఆ ఒక్క దారి మీదే మా చీనీ (బత్తాయి) కాయలు, అరటి గెలలు, శనగ బస్తాలు అన్నీ పోవాలి, దాని మీదే క్వారీల నుంచి రాయి పాలిష్ ఫ్యాక్టరీలకు రావాలి, తయారైన నాపబండలు లారీల్లో బయటికి పోవాలి. సింగిల్ రోడ్డు. రెండు బండ్లు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. మధ్యలో వంక మీద పాత కల్వర్టు ఒకటుంది, దాని ఒక పక్క గోడ కూలిపోయింది, వాన గట్టిగా పడితే ఆ పూటకు ఊరు తెగిపోయినట్టే.

అరటి కొనడానికి వచ్చే వ్యాపారి కంటైనర్ లోపలికి రాదు, హైవే దాకా ట్రాక్టర్‌లో తెచ్చి అక్కడ ఎక్కించండి అంటున్నాడు. అరటిని ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది, ఒకసారి ఎక్కించి, గుంతల్లో కుదిపి, దించి, మళ్లీ ఎక్కిస్తే కాయ మీద మచ్చ పడుతుంది, మచ్చ పడిందంటే ఎక్స్‌పోర్టుకు పనికిరాదని ధర తగ్గిస్తాడు. ట్రాక్టర్ కిరాయి కూడా మాదే. చీనీకి ఇంత ఇబ్బంది లేదు కానీ లారీ రాకపోతే కోసిన కాయ తోటలోనే వాడిపోతుంది, తరుగు పేరుతో ఇంకా కోస్తారు. ఫ్యాక్టరీ వాళ్లకూ కష్టమే, వాళ్ల బండలు దారిలోనే విరుగుతున్నాయి, లారీ వాళ్లు మా వైపు లోడంటే కిరాయి పెంచి అడుగుతున్నారు. పొద్దున బస్సు వంక అవతలే తిరిగి వెళ్లిపోతుంది, కాలేజీ పిల్లలు అక్కడిదాకా నడిచి పోతున్నారు.

నష్టం అందరిదీ ఒకటే, అయినా ఎవరికి వారే పోతున్నారు. రైతులు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చారు. ఫ్యాక్టరీ ఓనర్లు వేరేగా వెళ్లి నాయకులను కలిశారు. రెండు చోట్లా చూస్తాం అన్నారు, అంతే. కలిసి పోదామని నేనంటే మా వాళ్లేమో ఆ రోడ్డు పాడుచేసిందే టిప్పర్లు, వాళ్లతో కలిసి పోయేదేంది అంటున్నారు. ఫ్యాక్టరీ వాళ్లేమో మేం రాయి మీద ప్రభుత్వానికి రాయల్టీ కడుతున్నాం, ఊళ్లో సగం ఇళ్లకు పని ఇస్తున్నాం, మమ్మల్ని దొంగల్లా చూస్తే ఎట్లా అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజముంది కాబట్టే నాకు టెన్షన్.

ఇట్లాంటిది ఎక్కడైనా కలిసి చేసినవాళ్లు ఉంటే చెప్పండి. ముందు ఎవరి దగ్గరికి పోవాలి, కాగితంలో ఏం ఉండాలి, ఈ రెండు పక్షాలనూ ఒక్కచోట కూర్చోబెట్టడం ఎట్లా?

రిటైర్డ్_ఏఈ_కర్నూలు:

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకో. ఆర్ అండ్ బీ వాళ్లదా, పంచాయతీరాజ్‌దా, పీఎంజీఎస్‌వై, అంటే కేంద్రం పల్లె రోడ్ల పథకం కింద వేసిందా. చాలా అర్జీలు ఇక్కడే ఆగిపోతాయి, పంచాయతీరాజ్ రోడ్డు గురించి ఆర్ అండ్ బీ ఆఫీసులో కాగితం ఇస్తారు, అది నెలల తరబడి బల్లల మీద తిరిగి మాది కాదు అని వెనక్కి వస్తుంది. మీ గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడుగు, చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, జిల్లా స్థాయికైతే 10, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రోడ్డు ఎప్పుడు వేశారు, ఎంత వెడల్పుకు వేశారు, చివరి మరమ్మతు ఎప్పుడు, ఈ మూడూ అడుగు. పీఎంజీఎస్‌వై రోడ్డు అయితే వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు నిర్వహణ చూడాలని ఒప్పందంలోనే ఉంటుంది, రోడ్డు మొదట్లో ఉండే బోర్డు మీద తేదీలు చూసుకుంటే ఆ గడువు ఉందో అయిపోయిందో తెలిసిపోతుంది.

తర్వాతది బండ్ల లెక్క. ఇది చేసేవాళ్లు తక్కువ, కానీ ఆఫీసులో మీ మాటకు బరువు వచ్చేది దీంతోనే. రోడ్డు వెడల్పు చేయాలని ఇంజినీరు పైకి ప్రతిపాదన పంపాలంటే రోజుకు ఎన్ని బండ్లు పోతున్నాయో చూపించాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతి ప్రకారం వరసగా 7 రోజులు, రోజుకు 24 గంటలూ లెక్కించాలి, ఏడాదికి రెండుసార్లు, ఒకటి పంట కోతలు, అమ్మకాలు ముమ్మరంగా ఉన్నప్పుడు, ఒకటి సీజన్ లేనప్పుడు. ఒక్కో రకం బండిని కారుతో పోల్చి ఒక విలువ కడతారు, దాన్ని పీసీయూ అంటారు. మైదాన ప్రాంతంలో సింగిల్ లేన్ రోడ్డు, అంటే 3.75 మీటర్లది, రోజుకు 2000 పీసీయూ దాకా మోస్తుందని లెక్క. అది దాటితే 5.5 మీటర్లకు వెడల్పు చేయమని అడగడానికి మీకు ఆధారం దొరికినట్టే, ఆ వెడల్పు 6000 దాకా మోస్తుంది. రోడ్డు బాగాలేదు అని రాస్తే చదివి పక్కన పెడతారు, ఈ నెలలో ఈ వారం రోజుకు సగటున ఇన్ని పీసీయూ నమోదైంది, మీరే వచ్చి సరిచూడండి అని రాస్తే ఎవరో ఒకరు రావాలి.

ఇక టిప్పర్ల సంగతి. రోడ్డుకు తగిలే దెబ్బ ఇరుసు బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందని మేం లెక్క కడతాం. ఇరుసు మీద ఒకటిన్నర రెట్లు బరువు వేస్తే రోడ్డు ఐదు రెట్లు దెబ్బతింటుంది, రెండింతలు వేస్తే 16 రెట్లు. పల్లె రోడ్లు ఆ బరువుకు వేసినవి కావు. అంటే రైతులు చెప్పేది నిజమే. అట్లాగని టిప్పర్లు ఆపేయమంటే సరిపోదు, ఆ బండ్లు తిరుగుతున్నాయి కాబట్టే రోడ్డు మందంగా, వెడల్పుగా వేయాలని అడిగే అవకాశం మీకు దొరుకుతోంది. పాత మందంతోనే మళ్లీ పైపైన తారు పోయించుకుంటే రెండు వానాకాలాలకు అంతా మొదటికి వస్తుంది. కల్వర్టును మాత్రం వేరే పనిగా అడగండి, రోడ్డు అంచనాతో ముడిపెడితే అది కూడా ఆలస్యమవుతుంది.

లారీ_ఆఫీస్_గుత్తిరోడ్:

సార్ చెప్పిన లెక్క బాగుంది. మా వైపు నుంచి ఒక మాట. డ్రైవర్లు మీ ఊరి లోడు వద్దనేది గుంతల వల్ల ఒక్కటే కాదు, లోపల ఇరుక్కుంటే ఒక రోజు పోతుంది, ఆ రోజు కిరాయి ఎవరూ ఇవ్వరు, పాటా, అంటే బండి కింది స్ప్రింగు పట్టీ విరిగితే ఖర్చు ఓనర్‌ది. కాబట్టి కిరాయి పెంచుతాం, తప్పదు. బెంగళూరుకో చెన్నైకో మొత్తం దూరానికి పడే డీజిల్ ఒక ఎత్తు, మీ ఊరి లోపలి ఆ కొద్ది కిలోమీటర్లు ఒక ఎత్తు. ఈ తేడా కాగితం మీద పెట్టండి. రోడ్డు మీద ఉన్న ఊరికి ఎంత కిరాయి, మీ ఊరికి ఎంత, రెండు బిల్లులూ జత చేయండి, మా లాంటి ఆఫీసులు అడిగితే ఇస్తాయి.

రాత్రి బండ్లు మర్చిపోవద్దు. రాయి బండ్లు సగం చీకటి పడ్డాకే కదులుతాయి, పగలు మాత్రమే లెక్క తీస్తే మీ నష్టమే. ఫ్యాక్టరీ వాళ్లు కలిస్తే ఇంకో లాభం, వాళ్ల దగ్గర గనుల శాఖ పర్మిట్లు, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులు ఉంటాయి, అవన్నీ తేదీలతో సహా ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న లెక్కలే, కాదనడానికి లేదు. రైతుల దగ్గర అట్లాంటి కాగితం ఉండదు, తోటలో కొని తోటలోనే ఎక్కించుకుని పోతారు కాబట్టి మీ సరుకు ఏ రికార్డులోనూ కనపడదు. కలిసి పోవాలనడానికి నాకు కనపడే అసలు కారణం ఇదే.

కానీ ఓవర్‌లోడ్ గురించి ముందే మాట్లాడుకోండి. చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. మీరు వినతిపత్రం తీసుకుని పోయిన రోజే మీ ఫ్యాక్టరీ బండి నెత్తిన కొండంత లోడుతో ఆఫీసు ముందు పోతే ఎవరూ మీ మాట వినరు. ఓనర్లందరూ ఒకేసారి ఒప్పుకోవాలి, ఒక్కరు ఆపి పక్కవాడు వేస్తూ ఉంటే ఆపినవాడు నష్టపోయి మళ్లీ మొదలుపెడతాడు.

బేతంచెర్ల_పాలిష్_యూనిట్:

నేను ఫ్యాక్టరీ వైపు మనిషిని కాబట్టి నేరుగా చెప్తాను. మా దగ్గర కూడా రైతులకు మా మీద కోపం ఉండేది, దానికి కారణం రోడ్డు కంటే పాలిష్ బురద. బండలు అరగదీసిన తెల్ల బురద రోడ్డు పక్కన, వంకల్లో పోసేవాళ్లు, ఎండితే దుమ్మై పంట మీద పడుతుంది, వానకు కాలువలు పూడుకుపోతాయి. మీ ఊళ్లో కూడా అదే ఉంటుందని నా నమ్మకం, ఆ కల్వర్టు కింద ఒకసారి దిగి చూడండి అన్నా, తూములు దేంతో పూడాయో. రైతులతో కూర్చునే ముందు మేం ఆ బురద రోడ్డు పక్కన పోయం అని ఒప్పుకున్నాం, పోసిన చోట తీయించాం. ఆ తర్వాతే వాళ్లు మాతో మాట్లాడారు. మీ ఓనర్లకు ఇది చెప్పండి, ముందు మీరు ఒక అడుగు వేయకుండా సంతకం పెట్టమంటే ఏ రైతూ పెట్టడు, పెట్టకూడదు కూడా.

డబ్బు సంగతికొస్తే జిల్లా ఖనిజ నిధి గురించి ఎవరూ రాయలేదు. 2015లో గనుల చట్టం మార్చినప్పుడు వచ్చింది. సిమెంటు సున్నపురాయి లాంటి మేజర్ ఖనిజాల లీజుదారులు రాయల్టీతో పాటు దీనికీ కట్టాలి, పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్తవైతే 10 శాతం. గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసమే ఆ నిధి. ఎక్కువ భాగం తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికి పోతుంది, మిగతా భాగంలో రోడ్లు, వంతెనలు కూడా చేయొచ్చని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. కలెక్టర్ అధ్యక్షతన నడుస్తుంది. గ్రామసభ తీర్మానం ఉంటే అడగడానికి బలం. మీ వైపు సిమెంటు ఫ్యాక్టరీల గనులు ఉన్నాయి కదా, ఆ డబ్బు మీ ఊరికి ఎందుకు రాకూడదు?

ఒక చిక్కు ఉంది, జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 నుంచి కొలిమిగుండ్ల నంద్యాల జిల్లాలో ఉంది, తాడిపత్రి అనంతపురం జిల్లాలోనే ఉంది. రాయి ఒక జిల్లాలో తవ్వి, రోడ్డు ఇంకో జిల్లాలో అరిగిపోతుంటే ఒక్క కలెక్టర్‌కు అర్జీ ఇస్తే సగం పనే అవుతుంది. ఇద్దరికీ ఇవ్వండి, ఒకరికి ఇచ్చిన కాపీ ఇంకొకరి అర్జీకి జత చేయండి.

పత్తికొండ_మేడమ్:

పై జవాబులన్నీ లారీల చుట్టూనే ఉన్నాయి. నాకు అభ్యంతరం ఉంది. ఫ్యాక్టరీలు ముందుండి అడిగిన రోడ్డు లారీల కోసమే తయారవుతుంది. రోడ్డు వెడల్పైంది, లారీలు వేగంగా పోతున్నాయి, పిల్లలు నడిచే అంచు మాత్రం మాయమైంది, బస్సు ఆగే చోటు లేదు, దాటడానికి భయం, ఇట్లాంటి ఊళ్లు మా టమాటా పల్లెల వైపు కావాల్సినన్ని చూపిస్తాను. రైల్వే గేటు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జిలు కూడా చూడండి. కార్లు, ఆటోలు పోతాయి, వాన పడితే నీళ్లు నిలుస్తాయి, గడ్డి లోడు ట్రాక్టర్ ఎత్తు చాలక చుట్టూ తిరిగి పోవాలి. డిజైన్ గీసే రోజున గడ్డి లోడు ఎత్తు ఎంతో చెప్పే మనిషి అక్కడ లేకపోతే అట్లాగే అవుతుంది. కాబట్టి వినతిపత్రంలో మొదటి పేజీ పిల్లలది, ఆసుపత్రికి పోయేవాళ్లది కావాలి, బస్సుది కావాలి.

ఇది జాలి కోసం చెప్పడం లేదు. పీఎంజీఎస్‌వై మూడో దశలో ఏ రోడ్డు బాగుచేయాలో ఎంచుకునేటప్పుడు ఆ రోడ్డు ఊళ్లను వ్యవసాయ మార్కెట్లకు, హయ్యర్ సెకండరీ స్కూళ్లకు, ఆసుపత్రులకు ఎంత బాగా కలుపుతుందో చూశారు. అంటే మీ రోడ్డు మీద ఎంతమంది పిల్లలు ఏ కాలేజీకి పోతున్నారు, ప్రసవానికి ఏ ఆసుపత్రికి తీసుకుపోతారు అనేది కూడా లెక్కలోకి వచ్చే విషయమే. స్కూల్ హెడ్మాస్టర్‌తో ఒక కాగితం, ఆశా కార్యకర్తతో ఒక కాగితం తీసుకోండి. ఉచిత ప్రయాణం వచ్చాక ఆడవాళ్లు బస్సు మీద ఇంకా ఎక్కువ ఆధారపడుతున్నారు, బస్సే ఊళ్లోకి రాకపోతే మీ ఊరి ఆడవాళ్లకు ఆ పథకం లేనట్టే కదా. పొదుపు సంఘాల వాళ్లను మొదటి రోజే పిలవండి, ఫొటో రోజున కాదు.

ప్రొద్దుటూరు_రైలుబండి:

మేడమ్ మాటతో ఏకీభవిస్తాను. నేను రెండే చెప్తాను.

నంద్యాల - ఎర్రగుంట్ల రైలు మార్గం 1996-97లో మంజూరైంది, 123 కిలోమీటర్లు, రైలు నడిచింది 2016 ఆగస్టులో. ఇరవై ఏళ్లు. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఎంతమంది నాయకులు మారినా అడిగే గొంతు ఆగలేదు. అదే కడప - బెంగళూరు లైన్ చూడండి, 2008-09లో మంజూరైంది, పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు పడి అక్కడ ఆగింది, ఖర్చులో రాష్ట్రం వాటా దగ్గర చిక్కు పడింది. మంజూరైంది అని పేపర్లో రాగానే దండలు వేసి ఇంటికి పోయేవాళ్లే ఎక్కువ. పని మొదలయ్యేది డబ్బు విడుదలై టెండర్ పడ్డాకే, కొన్నిసార్లు పాత బిల్లులు రాలేదని టెండర్‌కు కాంట్రాక్టరే రాడు. కాబట్టి అర్జీ ఇచ్చాక ఎవరు నెలనెలా ఆఫీసుకు పోయి ఫైలు ఎక్కడుందో కనుక్కుంటారో ఇప్పుడే పేర్లు రాసుకోండి, ఒక రైతు, ఒక ఫ్యాక్టరీ మనిషి, ఇద్దరూ కలిసే పోవాలి, ఒకరు ఒంటరిగా పోతే రెండోవాళ్లకు అనుమానం మొదలవుతుంది.

రెండోది, ఒక్కటే అడగండి. కలిసి కూర్చుంటే పది కోరికలు వస్తాయి, కోల్డ్ స్టోరేజీ, రైలు ఆగడం, బైపాస్, అన్నీ రాసేస్తారు. మీ దగ్గర రైలు కూడా ఉంది కదా అంటారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు 40కి పైగా ఏసీ కంటైనర్లలో అరటి పోయింది, అదే ఏడాది సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు పోయింది, దక్షిణాదిలో అదే మొదటిది. కృష్ణపట్నం రేవుకు పోయే హైవే కూడా తాడిపత్రి మీదుగానే ఉంది. రైలు, రేవు, హైవే అన్నీ ఉండి తోట నుంచి వాటి దగ్గరికి కాయ చేరకపోతే ఏం లాభం? మీ అర్జీలో ఈ వాక్యం ఒక్కటి రాయండి చాలు, ఆ కల్వర్టు, ఆ రోడ్డు, అంతే అడగండి.

తాడిపత్రి_చీనీతోట:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. బేతంచెర్ల అక్కా, మీరు చెప్పినట్టే కల్వర్టు కిందికి దిగి చూశాను, రెండు తూములు తెల్ల బురదతో పూర్తిగా పూడిపోయి ఉన్నాయి. ఫొటోలు తీసి ఇద్దరు ఓనర్లకు చూపించాను, ఒకాయన వాదన లేకుండా జేసీబీ పంపిస్తా అన్నాడు, ఇంకొకాయన మిగతావాళ్లు కూడా ఖర్చు పంచుకోవాలి అంటున్నాడు. అది న్యాయమే. ఓవర్‌లోడ్ మాట మాత్రం ఇంకా తెగలేదు, ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుంటున్నాం, పొదుపు సంఘాల అక్కలను కూడా రమ్మన్నాను మేడమ్. రోడ్డు పంచాయతీరాజ్‌దని సచివాలయంలో చెప్పారు, అయినా ఆర్టీఐ కూడా వేశాను, రాసిచ్చిన కాగితం ఉంటే మంచిదని.

ఏఈ సార్‌కు ఒక ప్రశ్న. శనగ కోతల టైమ్‌లో ఒక లెక్క, ఎండాకాలం చివర ఒక లెక్క తీద్దామనుకుంటున్నాం. ఫ్యాక్టరీ వాళ్లు రాత్రి వాచ్‌మెన్లతో రాయిస్తామన్నారు, పగలు డిగ్రీ పిల్లలు కూర్చుంటారు. బండ్లను చిన్నవి, పెద్దవి అని రెండు రకాలుగా రాస్తే చాలా?

రిటైర్డ్_ఏఈ_కర్నూలు:

చాలదు, అక్కడే రైతులు నష్టపోతారు. రకం రకంగా వేరే గడులు గీయించు. బైకుకు 0.5, కారుకూ ఆటోకూ 1, చిన్న గూడ్స్ బండికి 1.5, బస్సుకూ లారీకీ 3. ట్రాలీ తగిలించిన ట్రాక్టర్‌కు 4.5, ఎద్దుల బండికి 8. మెల్లగా పోయి దారి ఎక్కువసేపు ఆపే బండికి విలువ ఎక్కువ. మీ రోడ్డు మీద కోతల టైమ్‌లో తిరిగేవి ఎక్కువగా ట్రాలీ ట్రాక్టర్లే కదా, వాటిని చిన్న బండ్లలో కలిపేస్తే మీ లెక్క సగానికి పడిపోతుంది. ట్రాలీ లేకుండా ఒట్టి ట్రాక్టర్ పోతే 1.5 మాత్రమే, కాబట్టి ఆ రెండూ కూడా వేరుగా రాయాలి. గంటకో కాగితం, ప్రతి కాగితం మీద తేదీ, టైమ్, రాసినవాళ్ల సంతకం. మొదలుపెట్టే ముందు మీ మండలం పంచాయతీరాజ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఈ వారం లెక్క తీస్తున్నాం, వీలైతే ఒకసారి వచ్చి చూడండి అని రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకో.